ఒక్క రూపాయే ఉంటే నాచుకు పెట్టాలా, కుందేలుకు పెట్టాలా?

రెల్లుపొద | శనివారం, రాత్రి 9:40

మా అన్నయ్య కూతురు డిగ్రీ రెండో సంవత్సరం. పోయిన వారం వాళ్ల కాలేజీలో వక్తృత్వ పోటీ పెట్టారు. అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న రెండు జీవుల్లో ఒక్కదానికే సరిపోయే డబ్బుంటే దేనికి ఖర్చు పెట్టాలి అన్నది అంశం. చీటీ తీస్తే మా పిల్లకు హిస్పిడ్ కుందేలు వచ్చింది. అవతలి అబ్బాయికి తకాకియా అనే నాచు. నేను రెండు చలికాలాలు అసోంలోని మానస్ జాతీయ పార్కులో సర్వే బృందం వెంట తిరిగినవాణ్ణి. రాత్రి పదకొండు దాకా ఫోన్లో పాఠం చెప్పాను. తీరా చూస్తే బహుమతి నాచుకు వెళ్లింది. ముప్ఫై తొమ్మిది కోట్ల ఏళ్ల చరిత్ర ఉన్న జీవికి సాటి ఏముంది అన్నారట జడ్జీలు.

ఓడిపోయినందుకు ఏడుపు కాదు. (సరే, కొంచెం ఉంది.) కానీ ఆ కారణం నాకు మింగుడుపడలేదు. మీరేమంటారో చూద్దామని ఇక్కడ పెడుతున్నా.

ఈ కుందేలు మన చేలల్లో పరుగెత్తే చెవులపిల్లి కాదు. దానికి ఇప్పట్లో ఢోకా లేదు. హిస్పిడ్ కుందేలు హిమాలయాల పాదాల దగ్గర, అసోం, ఉత్తర బెంగాల్, ఉత్తరప్రదేశ్ తరాయి, నేపాల్‌లలో ఏనుగు మునిగేంత గడ్డి ఉన్నచోట మాత్రమే ఉంటుంది. చెవులు పొట్టి, వెనక కాళ్లూ పొట్టి. బొచ్చు గరుకు. రెండు, రెండున్నర కిలోలు తూగుతుంది. రెండు సీజన్లలో నేను దాన్ని కళ్లారా చూసింది ఒకే ఒక్కసారి, అదీ వీపు మాత్రమే. మిగతా అన్ని రోజులూ చూసింది దాని పెంటికలే. మేక పెంటికల్లా కాకుండా బిళ్లల్లా చదునుగా ఉంటాయి. పక్కనే దర్భ మొదలంటా కొరికి ఉంటుంది. పైతొడుగు ఒలిచి పడేసి లోపలి లేత దవ్వ తింటుంది, మనం చెరకు ఒలుచుకున్నట్టు. ఆ ఒలిచిన తొక్కలు తడిగా ఉంటే అది ఆ రాత్రే అక్కడికి వచ్చిందని లెక్క. మోకాళ్ల మీద పాకుతూ ఆ తొక్కలు తడిమి చూడటమే మా ఉద్యోగం.

1960ల్లో ఇది పోయిందనే అనుకున్నారు. 1971లో అసోంలో మళ్లీ దొరికింది. నేపాల్ చిత్వన్‌లో 1984 తర్వాత కనబడక, 2016లో మళ్లీ కనిపించింది. దాని ప్రజాతిలో ఇదొక్కటే మిగిలింది, దగ్గరి చుట్టం లేదు. ఏ జీవికి ఎంత ముప్పుందో చెప్పే అంతర్జాతీయ రెడ్ లిస్టులో ఎండేంజర్డ్, అంటే అంతరించే ప్రమాదంలో ఉన్నది. మన 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ.

ఇక నా వాదన. ఆ గడ్డి నిలబడితే కుందేలుతో పాటు జానెడు ఎత్తు పిగ్మీ పంది, బెంగాల్ ఫ్లోరికన్ పక్షి, ఖడ్గమృగం అన్నీ బతుకుతాయి. నాచును కాపాడితే నాచొక్కటే బతుకుతుంది. రూపాయి ఎటు వెళ్లాలో దీనికి లెక్కలమాస్టారు కావాలా?


పాత బోటనీ మేస్టారు | శనివారం, రాత్రి 11:05

లెక్కలమాస్టారు అక్కర్లేదు, బోటనీ మాస్టారు చాలు. ముప్ఫై ఒక్కేళ్లు డిగ్రీ పిల్లలకు నాచు మొక్కల పాఠం చెప్పి రిటైరయ్యాను. రెల్లుపొద గారూ, మీ పెంటికల వర్ణన బాగుంది, కానీ చివరి రెండు వాక్యాల్లో నాచును కొట్టిపారేశారు.

ముందు మన భాషతోనే ఒక చిక్కుంది. చెరువులో పచ్చగా తేలేదీ నాచే, బావి మెట్ల మీద కాలు జారేదీ నాచే, గోడ మీద మఖమల్ గుడ్డలా పరుచుకునేదీ నాచే. కొన్నిచోట్ల అన్నిటినీ కలిపి పాచి అంటాం. చెరువులోది ఆల్గే. గోడ మీదిది మాస్, అదొక మొక్క, దానికి ఆకులూ కాండం లాంటివి ఉంటాయి. "నాచు" అనగానే గీకి పారేయాల్సింది అనుకునే అలవాటు ఆ మాటలోనే ఉంది. మీ అన్నయ్య కూతురికి చీటీలో సగం గెలుపు వచ్చినట్టే. కుందేలు అనగానే జాలి పుడుతుంది. నాచు అంటే ఎవరికి పుడుతుంది? ఆ అబ్బాయి ఆ గోతిలోంచి లేచి గెలిచాడంటే నాకు ముచ్చటేసింది.

తకాకియా కథ చెబుతాను వినండి. 1861లో విలియం మిటెన్ అనే ఆయన హిమాలయాల నుంచి వచ్చిన ఒక నమూనా చూసి, ఇది లివర్‌వర్ట్ (నాచుకు చుట్టమైన మరో రకం చిన్న మొక్క) అని పేరు పెట్టి పక్కన పెట్టాడు. దాదాపు వందేళ్ల తర్వాత జపాన్ కొండల్లో తకాకి అనే ఆయనకు విచిత్రమైన మొక్క దొరికితే, 1958లో దానికి ఆయన పేరే పెట్టారు. చూస్తే మన హిమాలయాలది దాని తోబుట్టువు! వందేళ్లు వేరే పేరుతో పెట్టెలో పడుంది. అసలు ఇది నాచా, లివర్‌వర్టా అన్న తగువు 1990ల దాకా తెగలేదు. అలాస్కా దగ్గరి అల్యూషన్ దీవుల్లో దాని సిద్ధబీజాల గొట్టాలు దొరికాక, నాచే అని తేలింది. సెంటీమీటరు పొడవు. వేళ్లు లేవు, వేళ్ల లాంటి నూగు కూడా లేదు. ఆకులు దారప్పోగుల్లా ఉంటాయి. ఇప్పుడు బతికున్న తకాకియాలు రెండే రెండు జాతులు. మన సిక్కిం వైపు ఉండే తకాకియా సెరాటోఫిల్లా రెడ్ లిస్టులో వల్నరబుల్, అంటే ఎండేంజర్డ్ కన్నా ఒక మెట్టు తక్కువ ముప్పు.

2023లో చైనా, జర్మనీ శాస్త్రవేత్తలు సెల్ పత్రికలో దీని జన్యుపటం ప్రచురించారు. ముప్ఫై తొమ్మిది కోట్ల ఏళ్ల మాట అక్కడిదే. టిబెట్‌లో నాలుగు వేల మీటర్ల పైన ఏడాదిలో ఎనిమిది నెలలు మంచు కింద ఉంటుంది. మంచు కరగ్గానే నెత్తిన భగ్గుమనే అతినీలలోహిత కిరణాలు పడతాయి. రెంటినీ తట్టుకునే సరంజామా దాని జన్యువుల్లో ఉంది. ఆ సరంజామా ఉండి కూడా, వాళ్లు చూసిన చోట ఏటా 1.6 శాతం చొప్పున తగ్గిపోతోంది. డైనోసార్లు రాకముందు నుంచీ ఉన్నది మన కళ్ల ముందు తగ్గుతోందండీ.

"నాచొక్కటే బతుకుతుంది" అన్నారు. రాతి మీద తడి పట్టి ఉంచేది నాచు. ఆ తడిలో ఎన్ని సూక్ష్మజీవాలుంటాయో మైక్రోస్కోపు కింద ఒక్క చుక్క పెట్టి చూడండి, తర్వాత మాట్లాడుకుందాం.


ఊరికే చూస్తున్నా | శనివారం, రాత్రి 11:20

నాచుకీ ఓటు లేదు, కుందేలుకీ ఓటు లేదు. ఆ రూపాయి కాంట్రాక్టర్‌కి వెళ్తుంది. శుభరాత్రి.


రెల్లుపొద | ఆదివారం, ఉదయం 7:15

మేస్టారూ, నమస్కారం. మీ కథ విన్నాక తకాకియా మీద గౌరవం పెరిగింది. నా ప్రశ్న మాత్రం అక్కడే ఉంది. ఆ రూపాయి ఇస్తే మీరు దానితో ఏం చేస్తారు?

కుందేలు విషయంలో నేను చెప్పగలను. మానస్ చుట్టుపక్కల డిసెంబరు నుంచి మార్చి దాకా గడ్డి తగలబెడతారు. ఊళ్లవాళ్లు ఇళ్లకప్పు గడ్డి కోసుకున్నాక, పశువులకు లేత చిగురు రావాలని పెడతారు. అటవీశాఖ వాళ్లూ పెడతారు. అందులో తప్పులేదు. అసలు తగలబెట్టకపోతే బూరుగు మొక్కలు లేచి కొన్నేళ్లలో గడ్డినేల అడవైపోతుంది. తగలబెట్టే పద్ధతిలోనే ఉంది చిక్కంతా. ఒకే వారంలో మొత్తం బీడంతా అంటిస్తే ఈ కుందేలు దాక్కోవడానికి చోటుండదు. ఇది బొరియ తవ్వే రకం కాదు. మామూలు కుందేలులా బయలునేల మీద పరుగు తీసి తప్పించుకునే కాళ్లూ కావు. పిల్లలు పెట్టేది కూడా ఆ చలికాలం చివర్లోనే.

ఒకరోజు బాన్స్‌బారి రేంజిలో, కాలి రెండ్రోజులైన బీట్లో నడిచాం. కాళ్ల కింద బూడిద, మధ్య మధ్య నల్లటి మొదళ్లు. వాగు ఒడ్డున మాత్రం బల్లపరుపంత మేర తడి వల్ల కాలకుండా మిగిలింది. దాంట్లోకి వంగి చూస్తే ఎక్కడలేని పెంటికలూ అక్కడే, పాతవీ కొత్తవీ కుప్పలుగా. చుట్టుపక్కల ఉన్నవన్నీ ఆ చిన్న ముక్కలోకి వచ్చి ఇరుక్కున్నాయన్నమాట. గద్దలకూ నక్కలకూ అంతకన్నా సులువైన వంటిల్లు ఏముంటుంది?

చేయాల్సింది చాలా మామూలు పని. బీడును ముక్కలు ముక్కలుగా విడదీసి, ఒక ఏడాది కొన్ని, మరో ఏడాది మిగతావి కాల్చడం. మధ్యలో మంట దాటకుండా గడ్డి కోసి బాటలు తీయడం. మైకేనియా తీగ, క్రోమొలీనా లాంటి కలుపు పీకించడం. కూలీలకు డబ్బులు, కొడవళ్లు, ఒక జీపు డీజిల్. రూపాయి పెడితే ఫలితం కళ్ల ముందు కనబడుతుంది.

మీ తకాకియాను కరిగిస్తున్నది ప్రపంచం మొత్తం వదిలిన పొగ. ఆ కొండ మీద గార్డును కూర్చోబెడితే మంచు కరగడం ఆపుతాడా? వేసవిలో గొడుగు పడతాడా?


తిక్కశంకరయ్య కాదు | ఆదివారం, ఉదయం 8:02

39 కోట్ల ఏళ్లు అంటే ఏంటి? వయసు చూసి పింఛను ఇస్తున్నామా? బొద్దింకలు కూడా పాతవే, మా వంటింట్లో వాటికి ట్రస్టు పెట్టమంటారా? పాతదనం ఒక గొప్పా?


పాత బోటనీ మేస్టారు | ఆదివారం, ఉదయం 10:30

ఆయనకు ముందు. బొద్దింకలు వేల జాతులు. మీ వంటింట్లోది పోయినా ఇంకెన్నో దాని లెక్క నిలుపుతాయి. తకాకియా కొమ్మ మీద రెండే ఆకులున్నాయి. కుందేలుదీ అదే కథ, దాని కొమ్మ మీద ఒకటే. కాబట్టి ఈ తూకం వేస్తే ఇద్దరూ సరిసమానం. జడ్జీలు చెప్పిన కారణం తప్పేనండీ, అది నేనూ ఒప్పుకుంటాను. వయసుకు బహుమతి ఇస్తే పోటీ ఎందుకు, పుట్టినరోజు సర్టిఫికెట్ చూసి ఇచ్చేయొచ్చు.

రెల్లుపొద ప్రశ్నకు జవాబు ఆలోచించి రాస్తాను. ఊళ్లో పెళ్లి ఉంది.


డెర్బీలో గోదారోడు | ఆదివారం, మధ్యాహ్నం 3:45

మేస్టారు పెళ్లి భోజనం చేసి వచ్చేలోపు నేను దూరతా. మాది రాజోలు, ఉండేది ఇంగ్లాండ్‌లోని డెర్బీ. ఈ చర్చ చూసి నవ్వొచ్చింది, ఎందుకంటే మా కౌంటీలోనే ఇలాంటి జంట ఒకటుంది. కాకపోతే అంతా తలకిందులు.

నాచు పేరు డెర్బీషైర్ ఫెదర్ మాస్. 1883లో కనుక్కున్నారు. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు, ఈ కౌంటీలో ఒక సున్నపురాతి లోయలో ఒక్క ఊట దగ్గర ఉంది. ఉన్నదంతా కలిపినా మన పల్లెటూరి వంటగదికి కూడా చాలదు. 1981 వన్యప్రాణి చట్టంలో దాని పేరు రాసి ఉంది, తెంపితే నేరం. దాన్ని కాపాడటానికి ఏం కావాలి? ఆ ఊట నీళ్లు శుభ్రంగా, ఆగకుండా పారాలి, జనం దాన్ని తొక్కకూడదు. అంతే. రెల్లుపొద అన్నా, మీ కొడవళ్ల ఖర్చు కన్నా తక్కువే. కాబట్టి నాచుకు డబ్బు పెట్టినా దండగే అన్న మాట అన్ని నాచులకూ అతకదు.

కుందేలు సంగతి చూడండి. పీక్ డిస్ట్రిక్ట్ కొండల మీద మౌంటెన్ హేర్ ఉంది. చలికాలంలో తెల్లగా మారిపోతుంది. ఇంగ్లాండ్‌లో ఇది ఇక్కడ మాత్రమే ఉంది. అయితే దీన్ని వేట కోసం పందొమ్మిదో శతాబ్దంలో స్కాట్లాండ్ నుంచి తెచ్చి వదిలారు. ప్రపంచం లెక్కలో దానికి ప్రమాదమేమీ లేదు, బ్రిటన్ లెక్కలో మాత్రం ప్రమాదానికి దగ్గర్లో ఉందంటారు. మరి పత్రికల్లో ఫొటో ఎవరిది? కుందేలుదే. ఫిబ్రవరిలో బ్లీక్‌లో అనే కొండ మీదికి వెళ్తే కెమెరా గొట్టాలు వరసగా ఉంటాయి. నేనూ వెళ్లా, అబద్ధమెందుకు. ఈమధ్య మంచు సరిగ్గా పడటం లేదు. గోధుమరంగు గడ్డి మీద తెల్లగా, ఎవరో మర్చిపోయిన పాలిథీన్ కవర్లా కూర్చుంది పాపం. మైలు దూరం నుంచి కనబడుతోంది. ఫెదర్ మాస్‌ను నేను చూడలేదు, చూసిన మనిషిని కూడా చూడలేదు.

అసలు విషయం ఇంకోటి. ఆ కొండ పైభాగమంతా పీట్ నేల, అంటే నాచూ మొక్కలూ పూర్తిగా కుళ్లకుండా పేరుకున్న తడి నల్లమట్టి. మాంచెస్టర్, షెఫీల్డ్ ఫ్యాక్టరీల మసి, గంధకం పడి అక్కడి స్పాగ్నం నాచు చచ్చిపోయింది. నాచు పోతే నీరు నిలవదు, పీట్ ఎండి గాలికి కొట్టుకుపోతుంది. 2003 నుంచి మూర్స్ ఫర్ ది ఫ్యూచర్ అనే సంస్థ ఆ నేలను బాగుచేస్తోంది, స్పాగ్నం ముక్కలు మళ్లీ నాటిస్తోంది. వలంటీర్‌గా ఒక శనివారం నేనూ వెళ్లా. వరినాట్లే అనుకోండి, వంగి ఒక్కో పిడచ గుచ్చడం. నడుం పట్టేసింది. మా అమ్మకు ఫోన్ చేసి చెబితే, "ఇక్కడ నాటమంటే పారిపోయావు, అక్కడికెళ్లి పాచి నాటుతున్నావా" అంది. ఆ తెల్ల కుందేళ్లు తిరిగేది ఆ తడినేల మీదే. కుందేలుకు ఇల్లు కట్టేది నాచన్నమాట. ఇప్పుడు రూపాయి ఎవరిదో మీరే తేల్చండి.


లంకమల | ఆదివారం, సాయంత్రం 6:10

మీరంతా ఎక్కడెక్కడికో వెళ్లారు. మా కడప దగ్గరికి రండి.

కలివికోడిని 1848లో లోకానికి చెప్పారు, 1900 తర్వాత కనబడలేదు, పోయిందన్నారు. 1986లో మా లంకమల అడవుల్లో మళ్లీ దొరికింది. దొరకడానికి కారణం ఏంటి? ఊళ్లో ఆ పిట్టకు పేరుంది. కలివి పొదల్లో తిరిగేది కలివికోడి. పేరున్న దాన్ని వెతకొచ్చు, పేరు చెప్పి అడగొచ్చు. తర్వాత తెలుగుగంగ కాలువ దాని చోటు మీదుగా పోతుంటే దారి మళ్లించారు. ఒక పిట్ట పేరు చెప్పి కాలువను వంచగలిగారు.

నాచు పేరు చెప్పి ఏ కాలువను వంచుతారు? మన 1972 చట్టంలో మొక్కల షెడ్యూల్ మొదట్లో ఆరంటే ఆరే మొక్కలు. పిచర్ ప్లాంటు, ఒక సైకాడ్, ఆర్కిడ్లు, కుఠ్ మూలిక. ఒక్క నాచు లేదు. రెల్లుపొద గారి కుందేలుకు మొదటి షెడ్యూల్ కవచం ఉంది, చంపితే జైలు. దాన్ని వదిలేసి, కవచం లేని దానికే కదా రూపాయి ఇవ్వాల్సింది? ఉన్నవాడికే ఇంకా పెట్టడం మన ప్రభుత్వాల అలవాటు, మనమూ అదే చేస్తున్నాం.


రెల్లుపొద | ఆదివారం, సాయంత్రం 6:45

లంకమల గారూ, షెడ్యూల్ కాగితం గడ్డికి అంటుకున్న మంటను ఆర్పదు. కుందేలును ఎవరూ తుపాకీతో కాల్చి అంతరింపజేయడం లేదు. అగ్గిపుల్ల గీసినవాడికి అక్కడ కుందేలుందని తెలియదు, వాడు చట్టం ప్రకారం కుందేలును చంపనూ లేదు. మన బట్టమేకపిట్టకు లేదా మొదటి షెడ్యూల్? రోళ్లపాడులో దానికోసం అభయారణ్యమే పెట్టారు, 1988లో. ఇప్పుడు వెళ్లి చూడండి పిట్ట కనబడుతుందేమో. గడ్డినేల అంటే మనవాళ్ల రికార్డుల్లో బంజరు. ఆ ఒక్క మాట మారిస్తే చాలు.


కడియం అంటుమొక్క | ఆదివారం, రాత్రి 8:30

అందరికీ నమస్తే అండి. మాది కడియం, నర్సరీ. నేను చదువుకున్నవాణ్ణి కాదు గానీ నాచుతో నాకు రోజూ పనే. గాలి అంటు కట్టాలంటే కొమ్మ చుట్టూ అంగుళం మేర బెరడు ఒలిచి, తడి మాస్ పిడికెడు తీసుకుని నీళ్లు పిండి, దాని చుట్టూ పెట్టి పాలిథీన్ కాగితం చుట్టి రెండు వైపులా పురికొస కడతాం. నెల, నెలన్నరకు తెల్లటి వేళ్లు కాగితంలోంచి కనబడతాయి. ఆర్కిడ్లకూ అదే, మనీప్లాంటు కర్రలకూ అదే. కొబ్బరి పొట్టు కూడా వాడతాం, చవక. కానీ తడి పట్టడంలో మాస్ మాసే.

ఆ మాస్ మాకు గోనె సంచుల్లో ఎండబెట్టి వస్తది. ఎక్కడినుంచి అని ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు. ఎండిన ఆకులు, చిన్న నత్తగుల్లలు, ఒకసారి చచ్చిన సాలీడు కూడా వచ్చింది అందులో. అంటే ఎక్కడో కొండ మీంచి గీకిందే కదా? మీరు ఇందాక సిక్కిం అంటుంటే గుండె గుబేలుమంది. నేను వాడేది మీ తకాకియా కాదు కదా మేస్టారూ?


పాత బోటనీ మేస్టారు | ఆదివారం, రాత్రి 9:50

కాదు బాబూ, నిశ్చింతగా పడుకో. తకాకియాతో అంటు కట్టాలంటే కొండంతా గీకినా పిడికెడు రాదు. మీది చాలావరకు స్పాగ్నం, డెర్బీ తమ్ముడు వంగి నాటింది ఆ కుటుంబమే. నువ్వు వాడేది తప్పనను. కానీ గోనెలో నత్తగుల్ల వచ్చిందంటే అది పెంచింది కాదు, అడవిలో దొరికిందే. స్పాగ్నం గీకేవాడు చేత్తో ఏరడు, పారతో లేపుతాడు. దాంతోపాటు ఏమేమి లేచిపోతున్నాయో ఎవరూ లెక్క రాసుకోవడం లేదు.

రెల్లుపొదకు నా జవాబు కూడా ఇక్కడే ఉంది. రూపాయితో ఏం చేస్తారన్నారు కదా. లెక్క రాస్తాను. పాలిచ్చే జంతువులన్నిటినీ రెడ్ లిస్టు కోసం ఎప్పుడో పరిశీలించారు. నాచుల్లో పరిశీలించింది చాలా కొద్ది. తకాకియా సెరాటోఫిల్లాకు వేసిన వల్నరబుల్ ముద్ర కూడా పాత పద్ధతిలో వేసిందే. మీ కుందేలుకు పెంటికలు తడిమే మనుషులైనా ఉన్నారు. ఒక పిల్లనో పిల్లాణ్ణో రెండు వేసవులు సిక్కిం పంపి, చేతికి భూతద్దం ఇచ్చి, ఏ రాయి కింద ఉంది, ఏ రాయి కింద లేదు అని రాయించడానికి జీపు డీజిల్ పాటి ఖర్చు కూడా కాదు. మంచు కరగడం ఆపలేను, నిజమే. ఏ వాలు మీద చల్లదనం ఇంకా మిగిలి ఉందో తెలిస్తే, రేపు రోడ్డు వేసేవాడికి "ఈ పక్కనుంచి పోవయ్యా" అని చెప్పగలను. 2020లో ఉత్తరాఖండ్ అటవీశాఖ నైనిటాల్ దగ్గర నాచుతోట పెట్టింది. నేను వెళ్లి చూశాను. పిల్లలు రాళ్ల ముందు గొంతుక్కూచుని చూస్తున్నారు. కుందేలు బొమ్మ లేకుండానే చూస్తున్నారు.


మంచులో మూడేళ్లు | ఆదివారం, రాత్రి 10:40

సార్, నేను ఫౌజీని, ఇప్పుడు రిటైర్డ్, ఖమ్మం జిల్లా. ఉత్తర సిక్కింలో మూడేళ్లు డ్యూటీ చేసిన. మీ మాటల మీద ఒకటి గుర్తొచ్చింది.

జూన్‌లో మంచు కరిగినంక పెద్ద పెద్ద రాళ్ల కింద నీళ్లు చుక్క చుక్క పడే చోట పచ్చగా కనబడేది. ఎనిమిది నెలలు తెలుపు తప్ప ఏమీ చూడని కళ్లకు ఆ పచ్చదనం చూస్తే మా ఊరి వరిమడి చూసినంత ఆనందం. కొన్నిచోట్ల మెత్తగా తివాచీ లెక్క, కొన్నిచోట్ల వెంట్రుకల లెక్క సన్నగా. అది మీరు చెప్పే తకాకియానో కాదో నేను చెప్పలేను, పేరు కూడా ఇవ్వాళే విన్న.

టెంటు వేయాలంటే చదును కావాలి. రాయి పక్కన గాలి తగలని చోటు చూసి, ఆ పచ్చదంతా పారతో గీకి పక్కకు నూకి, తాటిపత్రి పరిచేవాళ్లం. అది కింద ఉంటే రాత్రికి తడి పైకొచ్చి స్లీపింగ్ బ్యాగు నానుతది. మూడేళ్లలో ఎన్ని రాళ్ల దగ్గర గీకిననో లెక్క లేదు. ఎవడూ వద్దనలేదు, మాకూ తెల్వదు. అదే అక్కడ ఒక జంతువు కనిపిస్తే దాని జోలికి పోవద్దని కచ్చితమైన ఆర్డర్ ఉండేది. ఒక నీలి గొర్రెల మంద రోడ్డు దాటుతుంటే కాన్వాయ్ మొత్తం ఆపినం, పావుగంట.

ఎవరిది గొప్ప అని నేను చెప్పను. ఉన్నదున్నట్టు చెప్పిన.


రెల్లుపొద | ఆదివారం, రాత్రి 11:30

ఫౌజీ అన్నా, మీ పోస్టు చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఎందుకంటే మానస్‌లో మేమూ అదే పని చేశాం. సర్వేకు వెళ్తూ వాగులు దాటేటప్పుడు జారకుండా రాళ్ల మీది నాచును బూటు మడమతో గీకేసి అడుగు వేసేవాళ్లం. వెనకొచ్చేవాళ్లకు సులువవుతుందని నేనైతే రెండుసార్లు ఎక్కువే గీకేవాణ్ణి. కుందేలు తొక్కను పట్టకారుతో ఎత్తి సంచిలో పెట్టే చేతులు, పక్కనున్న దాన్ని చూసిన పాపాన పోలేదు.

అయినా నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. రూపాయిలో తొంభై పైసలు నా గడ్డికే. ఈ చలికాలం కాలిపోతే వచ్చే చలికాలం పెంటికలు వెతకడానికి కూడా ఏమీ ఉండదు. పది పైసలు మేస్టారి భూతద్దానికి. డెర్బీ తమ్ముడి ఊటకు మాత్రం అక్కడివాళ్లే పెట్టుకోవాలి, పౌండ్లున్నాయి కదా.


పాత బోటనీ మేస్టారు | ఆదివారం, రాత్రి 11:41

పది పైసలా! బేరం ఆడతాను. ఇరవై ఐదు.


చీటీలో కుందేలు | సోమవారం, ఉదయం 6:55

నమస్కారం. నేనే ఆ అన్నయ్య కూతుర్ని. బాబాయ్ లింక్ పంపాడు. ఓడిపోయింది బాబాయ్ చెప్పిన కారణానికి కాదు. జడ్జీ నన్ను అడిగిన ప్రశ్న, "నువ్వు ఆ కుందేలును చూశావా?" అని. లేదన్నాను. ఆ అబ్బాయి హాస్టల్ వెనక గోడ మీది నాచు గీకి అగ్గిపెట్టెలో తెచ్చాడు. ఇది తకాకియా కాదండీ, దాని దూరపు చుట్టం అంటూ జడ్జీల చేతికిచ్చాడు. ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు పట్టుకుని చూశారు. అక్కడే అయిపోయింది నా పని.


ఊరికే చూస్తున్నా | సోమవారం, ఉదయం 7:10

అంటే నాచును కాపాడాలని చెప్పడానికి నాచునే గీకాడా?


కడియం అంటుమొక్క | సోమవారం, మధ్యాహ్నం 1:20

మాస్ సంచులు పంపే ఆయనకు పొద్దున ఫోన్ చేశాను. ఎక్కడిది అంటే "పైనుంచి వస్తది" అన్నాడు. పైన అంటే ఎక్కడ అంటే "నీకు సరుకు కావాలా, అడ్రస్ కావాలా" అన్నాడు. ఈ నెల సగం సంచులే చెప్పాను, మిగతా సగం కొబ్బరి పొట్టుతో కట్టి చూస్తా. వేళ్లు ఎన్నాళ్లకు వచ్చాయో ఇక్కడే చెబుతా.


పాత బోటనీ మేస్టారు | సోమవారం, సాయంత్రం 5:30

శభాష్. రెల్లుపొదా, డిసెంబరులో మళ్లీ మానస్ వెళ్తానన్నావు కదా. బూటుతో గీకే ముందు ఆ వాగు రాళ్ల మీద ఉన్న ప్రతి రకం నాచునూ ఫొటో తీసి పంపు. దగ్గర్నుంచి తీయి. ఎంత సైజో తెలియడానికి పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టు.


రెల్లుపొద | సోమవారం, సాయంత్రం 5:52

పెడతాను మేస్టారూ. ఫొటో తీశాక బిళ్ల మాత్రం నా జేబులోకే.